అప్పుల కోర్టు నుండి ప్రజాసేవకు: బారిస్టరు మ్యూర్ హంటర్

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఒక పల్లెటూరి గ్రంథాలయము ఇరువదియైదు వత్సరములు తలుపు మూయకుండ నడచుట సామాన్య విషయము కాదు. ఇందులకు పాటుపడిన పెద్దలను, నెలనెలా చందా చెల్లించి దీనిని నిలబెట్టిన మిమ్ములను మనసార అభినందించుచున్నాను. ఈ సందర్భమున ఒక జీవితచరిత్రను గూర్చి ప్రసంగింపుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. కవులను గూర్చియు దేశభక్తులను గూర్చియు చెప్పగలవారు ఈ వేదికపై అనేకులు కలరు. నేను ఒక బారిస్టరును గూర్చి చెప్పదలచితిని. ఆయన ఇంగ్లండు దేశస్థుడు. పేరు మ్యూర్ హంటర్. 1913లో జన్మించి 2008లో, తొంబదియైదేండ్ల నిండు వయస్సున కన్నుమూసెను. ఆయన పేరు తెచ్చుకొన్నది దివాలా వ్యాజ్యములలో.

దివాలా వ్యాజ్యములు నడపిన న్యాయవాది ప్రజలకు చేసిన సేవ యేమని మీకు సందేహము కలుగవచ్చును. సీమదొర కథ మనకేల యనియు కొందరనవచ్చును. ఈ రెండు సందేహములకును సమాధానము మన యూరి మాటలోనే యున్నది.

"ఫలానావాడు ఐ.పి. పెట్టినాడు" అను మాట వినని తెలుగువారుండరు. ఇన్‌సాల్వెన్సీ పిటీషను అను రెండు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరములే ఈ ఐ.పి. బ్రిటిషు పాలనలో మద్రాసు, కలకత్తా, బొంబాయి నగరములకు 1909లో ఒక చట్టమును, తక్కిన ప్రాంతములకు 1920లో మరియొక చట్టమును చేసిరి. అప్పులు 500 రూపాయలకు తక్కువ గాకుండ నుండి, తీర్చుటకు శక్తి లేనివాడు కోర్టుకు పోయి తన యాస్తిని అప్పగించి రక్షణ కోరవచ్చునని 1920 చట్టము చెప్పినది. ఈ రెండింటి మూలము ఇంగ్లండు దివాలా న్యాయమే. కనుక మ్యూర్ హంటరు చదివిన శాస్త్రము, మన మునసబు కోర్టు గుమాస్తా నోట నానిన శాస్త్రము ఒక్క చెట్టు కొమ్మలే.

ఐ.పి. అను మాట వినగానే మన కన్నుల ముందు ఇద్దరు మనుష్యులు నిలుతురు. ఒకడు రెండు మూడేండ్లు వరుసగా పంటపోయి, బిడ్డ వైద్యమునకు అప్పుచేసి, వడ్డీ మీద వడ్డీ పెరిగి కూలిపోయినవాడు. రెండవవాడు ఊరందరి వద్ద చీటీలు కట్టించుకొని, పొలము భార్య పేరను ఇల్లు బావమరిది పేరను వ్రాసి, ఆపైన చేతులెత్తి చూపినవాడు. లోకము ఇద్దరిని ఒక్క మాటతోనే పిలుచును. మొదటివాడు సిగ్గుతో తలయెత్తలేడు. రెండవవాడు తెల్లబట్టలు కట్టి తిరుగును. ఈ ఇద్దరిని వేరుచేసి చూపుటయే దివాలా న్యాయమునకు గల ముఖ్య ధర్మము. అందులకు దానివద్ద నున్న సాధనము ఒక్కటే ప్రశ్న: డబ్బు ఎచ్చటనుండి వచ్చినది, ఎచ్చటికి పోయినది? ఆ ప్రశ్నను నలుగురి యెదుట అడుగవలెను. లెక్కలు ముందు బెట్టి అడుగవలెను. హంటరు చేసిన సేవ యంతయు ఈ ప్రశ్నను సక్రమముగా అడుగుటలోనే యున్నది.

ఇంగ్లండు వారికి ఈ వివేకము మొదటినుండి లేదు. పూర్వము అప్పు తీర్చలేనివానిని అచ్చట చెరసాలలో పెట్టెడివారు. చార్లెస్ డికెన్సు నవలలు మీ గ్రంథాలయమున చదివినవారు ఉందురు. ఆయన తండ్రిని 1824లో అప్పుల నిమిత్తము లండనులోని మార్షల్‌సీ చెరసాలలో నుంచిరి. అప్పటికి పన్నెండేండ్ల బాలుడైన డికెన్సు బూట్లకు పూయు నల్లరంగు తయారుచేయు కార్ఖానాలో కూలికి కుదిరెను. జైలులో కూర్చున్నవాడు సంపాదించి అప్పు తీర్చునదెట్లు? ఈ చిన్న ప్రశ్నకు జవాబు దొరకుటకు ఆ దేశమునకు చిరకాలము పట్టినది. 1869 చట్టముతో అప్పులకై జైలులో నుంచుట చాలవరకు తొలగినది. 1883లో జోసెఫ్ చేంబర్లేను అను మంత్రి తెచ్చిన చట్టముతో అఫిషియల్ రిసీవరు అను ప్రభుత్వోద్యోగి యేర్పడెను. దివాలా తీసిన ప్రతివాడును బహిరంగ న్యాయస్థానమున ప్రమాణము చేసి, తన వ్యవహారములను గూర్చి అడిగిన ప్రశ్నలకు సమాధానము చెప్పవలెనను నియమము స్థిరపడినది. తన జవాబు తనకే నేరము చుట్టునను కారణము చూపి నోరు మూసికొనుటకు ఆ విచారణలో ఋణగ్రస్తునకు వీలులేకుండెను. ఈ చివరి మాటను జ్ఞాపకముంచుకొనుడు. ముందు చెప్పబోవు కథకు ఇదియే ఇరుసు.

హంటరు వెస్ట్‌మినిస్టరు పాఠశాలలోను, ఆక్స్‌ఫర్డులోని క్రైస్ట్ చర్చి కళాశాలలోను చదివి, 1938లో గ్రేస్ ఇన్ అను న్యాయవాదుల సంఘము ద్వారా బారిస్టరాయెను. మరుసటి యేడే ప్రపంచ యుద్ధము వచ్చినది. ఆయన సైన్యములో చేరి, యుద్ధకాలమున కొన్నేండ్లు మన దేశములో పనిచేసి, లెఫ్టినెంటు కర్నలు హోదా పొందెను. యుద్ధానంతరము తిరిగి వృత్తిలో ప్రవేశించి దివాలా న్యాయమును తన క్షేత్రముగా నెన్నుకొనెను. 1965లో క్వీన్స్ కౌన్సెల్, అనగా రాణిగారి న్యాయవాది యను గౌరవము లభించినది. ఇంగ్లండులో దివాలా న్యాయమునకు ప్రమాణ గ్రంథముగా విలియమ్స్ అనునాయన వ్రాసిన పుస్తకము చిరకాలముగా వాడుకలో నుండెను. హంటరు దానిని ఎన్నోమార్లు సంస్కరించి, పెంచి, క్రొత్త తీర్పులు చేర్చి ముద్రింపించెను. తుదకు ఆ గ్రంథమునకు మూలకర్త పేరుతోపాటు ఆయన పేరును చేరినది. గ్రంథాలయ సభలో నున్నాము గనుక ఈ సంగతి ప్రత్యేకముగా చెప్పుచున్నాను. చదివిన పుస్తకమును సరిదిద్ది తరువాతివారికి అందించుటయు ఒక సేవయే.

ఇక ఆయన పేరు సామాన్య ప్రజలకు సైతము తెలియవచ్చిన వ్యవహారమును మనవి చేసెదను.

యార్క్‌షైరు మండలమున పాంటిఫ్రాక్ట్ అను పట్టణము కలదు. అచ్చట జాన్ పౌల్సన్ అను భవన శిల్పి యుండెను. యుద్ధము ముగిసిన పిమ్మట ఇంగ్లండులో ఎచ్చట జూచినను కట్టడములే. ఆసుపత్రులు, పాఠశాలలు, పేదల యిండ్లు, పట్టణముల నడిబొడ్డున క్రొత్త భవనములు. ఈ పనులను ఎవరికిచ్చుటయో నిర్ణయించునది నగర సభ్యులును ప్రభుత్వోద్యోగులును. పౌల్సన్ వారిలో పలువురను కానుకలతో, జీతములతో, విహారయాత్రలతో తనవారిని చేసికొనెను. పనులు వచ్చినవి. ఆయన సంస్థ ఐరోపాలోనే మిక్కిలి పెద్దవానిలో ఒకటిగా పేరొందినది. కాని పంచిపెట్టిన సొమ్ము రాబడిని మించినది. సంస్థ కుప్పకూలినది. 1970లోనే ఒకటి రెండు పత్రికలు ఈ సంగతిని వెలికితీయ యత్నించినవి. పరువునష్టపు దావాలకు వెరచి తక్కినవి మాటలాడలేదు.

1972 వేసవిలో వేక్‌ఫీల్డు పట్టణమున పౌల్సన్ దివాలా విచారణ ఆరంభమైనది. అప్పులవాళ్ల పక్షమున ఆస్తిని కూర్చుటకు నియమింపబడిన ట్రస్టీ తరపున హంటరు ప్రశ్నలడిగెను. అది నేర విచారణ కాదు. లంచమును గూర్చి తీర్పు చెప్పు అధికారము ఆ కోర్టునకు లేదు. అప్పులవాళ్లకు రావలసిన సొమ్ము ఎక్కడెక్కడ చిక్కుకొన్నదో వెదకుట మాత్రమే అచ్చటి పని. అయితే పౌల్సనుకు ఒక అలవాటుండెను. తాను వ్రాసిన ప్రతి యుత్తరమునకు నకలు దాచుకొనెడివాడు. తనకు వచ్చిన ప్రతి యుత్తరమును భద్రపరచెడివాడు. ఆ కాగితములన్నియు ట్రస్టీ చేతికి వచ్చినవి. హంటరు వానిని చదివెను. తరువాత కోర్టులో లేచి నిలువబడి, ఈ కానుక ఎవరికి, ఈ నెల జీతము దేనికి, ఈ యింటి వెల ఎవరు చెల్లించిరి, అని ఒక్కొక్క పద్దును వరుసగా అడిగెను. గొంతు హెచ్చింపవలసిన పని లేకపోయినది. పద్దులే మాటలాడినవి.

బహిరంగ కోర్టులో పలికిన మాటను పత్రికలు అచ్చువేయవచ్చును. ఇన్నాళ్లు మౌనము వహించిన పత్రికలు మరునాటినుండి పేర్లతో సహా ప్రకటించినవి. ఆ పేర్లలో దేశ హోంమంత్రి రెజినాల్డ్ మాడ్లింగు పేరొకటి. ఆయన అంతకుముందు పౌల్సన్ సంస్థలలో ఒకదానికి చైర్మనుగా నుండెను. ఆయన భార్య ఆదరించిన యొక నాటకశాలకు పౌల్సన్ విరాళము నిచ్చెను. పోలీసు విచారణ ఆరంభము కాగానే చిక్కు వచ్చినది. లండను పోలీసుశాఖపై అధికారము హోంమంత్రిదే. తనకు సంబంధించిన వ్యవహారమును తన క్రింది శాఖయే విచారించుట తగదని 1972 జూలై 18న మాడ్లింగు రాజీనామా చేసెను. ఆయనపై నేరారోపణ యేదియు కోర్టులో జరుగలేదని ఇక్కడనే చెప్పవలెను. న్యాయమును గూర్చి మాటలాడునపుడు కోర్టులో రుజువైనదానిని, కానిదానిని కలిపి చెప్పరాదు.

రుజువైనవి అనేకము కలవు. 1974లో లీడ్స్ న్యాయస్థానమున పౌల్సనుకు మొదట ఐదేండ్లు, మరల జరిగిన విచారణతో ఏడేండ్లు శిక్ష పడినది. స్కాట్లండు ప్రభుత్వములో పెద్ద యుద్యోగి యగు జార్జి పాటింజరుకు పౌల్సన్ ఇల్లు కట్టించి యిచ్చెను, కారునిచ్చెను, విహారములకు ఖర్చు పెట్టెను. అతనికిని జైలు శిక్ష తప్పలేదు. న్యూకాసిల్ నగర సభకు నాయకుడుగా నుండి, ఆ నగరమును బాగుచేయగల సమర్థుడని పేరొందిన డాన్ స్మిత్తు నేరమొప్పుకొని ఆరేండ్ల శిక్ష పొందెను. ఈ గందరగోళము వలన ఒక మంచి జరిగినది. పార్లమెంటు సభ్యులు తమకు ఏయే కంపెనీలతో సంబంధము కలదో, ఎచ్చటనుండి ఆదాయము వచ్చునో ఒక పట్టికలో వ్రాయవలెనని 1974లో కామన్సు సభ నిశ్చయించినది. ప్రజాసేవకుల ప్రవర్తనను విచారించుటకు ఆ సంవత్సరమే ఒక రాయల్ కమిషను ఏర్పడినది.

సోదరులారా, ఇందులో మనము గమనింపవలసినది యేమి? ఈ గుట్టును బయటపెట్టుటకు పెద్ద పోలీసు పటాలము మొదట రాలేదు. పార్లమెంటులో ఎవ్వరును కనిపెట్టలేదు. అప్పులవాళ్ల పక్షమున లెక్కలు చూచుటకు వచ్చిన న్యాయవాది, తన పనిని తాను శ్రద్ధగా చేసినందున బయటపడినది. పనిని తూతూమంత్రముగా ముగించి, దొరికినంత సొమ్ము పంచి లేచిపోయినను ఆయనను తప్పుపట్టువారు లేకుండిరి. అట్లు చేయకుండుటయే ఆయన గొప్పదనము.

పెద్దలను ప్రశ్నించినవాడు పేదలను మరచిపోయినాడా? లేదు. పౌల్సన్ విచారణకు ముందే హంటరు వేరొక పనిలో దిగియుండెను. లండనులో ఉత్తర కెన్సింగ్టను అను పేట కలదు. ఆ దినములలో అది ఇరుకు గదుల పేట. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క సంసారము. వెస్టిండీసునుండి వచ్చిన శ్రమజీవులు చాలమంది అచ్చట నుండిరి. అద్దె పెంచినను, అర్ధరాత్రి సామాను వీధిలో పారవేసినను వారికి వకీలు దొరకడు. అట్టివారికి ఉచితముగా న్యాయసహాయము చేయుటకు ఆ పేటలో ఒక న్యాయ కేంద్రము స్థాపింపబడినది. హంటరు దానికి వ్యవస్థాపక అధ్యక్షుడు. 1970 జూలైలో గోల్‌బోర్న్ రోడ్డున, పూర్వము మాంసపు దుకాణముగా నుండిన గదిలో దాని తలుపులు తెరచిరి. ఇంగ్లండులో ఇట్టి కేంద్రములలో అదియే మొట్టమొదటిది. వకీలు కొరకు పేదవాడు వెదకుకొని పోనక్కరలేకుండ, వకీలే పేదవాని వీధిలో కూర్చుండుట అక్కడ మొదలైనది. తరువాత ఇతర పట్టణములలో ఇట్టివి అనేకము వెలసినవి.

మన దేశమునను ఇట్టి యేర్పాటు కలదని చాలమందికి తెలియదు. 1987లో న్యాయ సేవల చట్టము చేయబడి 1995 నవంబరు 9 నుండి అమలులోనికి వచ్చినది. స్త్రీలకు, బాలలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచితముగా వకీలును నియమించుకొను హక్కు కలదు. ఈ సంగతిని ఒక అట్టపై వ్రాసి మీ గ్రంథాలయపు గోడకు తగిలించినచో, అది ఈ రజతోత్సవమునకు తగిన కానుక కాగలదు.

హంటరు విదేశములలో జరిగిన రాజకీయ విచారణలకు ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ అను సంస్థ పక్షమున పరిశీలకుడుగా కూడ పోయెను. బురుండి, రొడీషియా, టర్కీ దేశములు అందులో కలవు. పరిశీలకుడు వాదింపడు, తీర్పు చెప్పడు. న్యాయస్థానమున కూర్చుండి జరిగినది చూచి లోకమునకు చెప్పును. మూసిన గదిలో జరుగు అన్యాయము, చూచువాడొకడు కూర్చున్న గదిలో జరుగుట కష్టము.

ఆయన చివరి పెద్ద సేవ శాసన సంస్కరణము. 1977లో బ్రిటిషు ప్రభుత్వము కెన్నెత్ కార్కు అను అనుభవజ్ఞుని అధ్యక్షతన దివాలా న్యాయమును సమూలముగా పరిశీలించుటకు ఒక సంఘమును నియమించినది. హంటరు అందులో సభ్యుడు. ఐదేండ్లు శ్రమించి 1982లో వారు నివేదిక నిచ్చిరి. దానిని పురస్కరించుకొని 1985, 1986 సంవత్సరములలో క్రొత్త శాసనములు వచ్చినవి. మొదట నేను చెప్పిన ఇద్దరు మనుష్యులను జ్ఞాపకము చేసికొనుడు. ఈ శాసనములు ఆ ఇద్దరిని విడదీయుటకు చేసిన యత్నమే. ఉన్నంతలో తీర్చెదనని ముందుకు వచ్చు ఋణగ్రస్తుడు అప్పులవాళ్లతో ఒడంబడిక చేసికొనవచ్చును. అప్పు విలువలో నాలుగింట మూడు వంతులకు తగ్గని వారు సమ్మతించినచో అది అందరిని కట్టిపడవేయును. దివాలా ముద్ర జన్మాంతము అంటిపెట్టుకొని యుండనక్కరలేదు. సాధారణముగా మూడేండ్లకు అది తొలగునట్లు 1986 చట్టము చేసినది. 2004 నుండి ఒక్క యేటికే తొలగుచున్నది. ఇది మొదటివానికి చూపిన దయ. ఇక రెండవవాని సంగతి. కంపెనీ మునుగునని తెలిసియు, తెలిసికొనవలసియుండియు, ఇంకను అప్పులు తెచ్చి వ్యాపారము సాగించిన డైరెక్టరు తన సొంత యాస్తినుండి నష్టము భరింపవలసి వచ్చునని శాసించిరి. దివాలా యాస్తులను నిర్వహించువారు అర్హత పొంది అనుమతి పత్రము గలవారై యుండవలెననిరి. మన దేశమునను పాత చట్టముల స్థానమున నిలుచుటకు 2016లో దివాలా స్మృతి శాసనమైనది. కంపెనీల విషయమున అది అమలులో నున్నది.

ఇంతకును ఈ జీవితమునుండి మన గ్రామము నేర్చుకొనదగినది యేమి? నాకు తోచిన మూడు మాటలు చెప్పి ముగించెదను.

మొదటిది. అప్పుల పాలైన ప్రతివానిని దొంగగా చూడరాదు. అట్లు చూచుటవలన నిజమైన దొంగకే మేలు కలుగును. సత్పురుషుల గుంపులో వాడు దాగికొనును. పంటపోయిన రైతు ఊరి కన్నులకు వెరచి చావు తలపెట్టిన వార్తలు మన జిల్లాలలో ఎన్ని వినలేదు? లెక్క చెప్పుటకు సిద్ధముగా నున్నవానికి ఊరు బాసటగా నిలువవలెను. లెక్క యడిగినపుడు భుజములు తడుముకొనువానినే అనుమానింపవలెను.

రెండవది. కాగితమును గౌరవింపవలెను. అప్పిచ్చినను, పుచ్చుకొన్నను, రసీదు వ్రాయించుకొనుడు. ఖాళీ ప్రామిసరీ నోటుపై వ్రేలిముద్ర వేయకుడు. ఎంతటి బంధువైనను చెల్లించిన కిస్తీని నోటు వెనుక చెల్లు వ్రాయింపక తిరిగిరాకుడు. పౌల్సన్ పంచిన కానుకలు ఏండ్లు గడచిన తరువాత బయటపడుటకు కాగితమే కారణము. పేదవాని మాటకు కోర్టులో బలము తెచ్చునదియు కాగితమే.

మూడవది. పదిమంది సొమ్ముతో నడచు ప్రతి పనికిని పదిమంది యెదుట లెక్క చెప్పవలెను. ఉపాధి హామీ పనుల పద్దులను గ్రామసభలో చదివి వినిపించు సామాజిక తనిఖీ మన రాష్ట్రమున 2006లో ఆరంభమైనది. ఎవరి పేరున ఎన్ని దినముల కూలి వ్రాసిరో పైకి చదువునపుడు, ఆ పేరుగలవాడు లేచి "నేనా పని చేయలేదు, ఆ డబ్బు నాకు ముట్టలేదు" అని చెప్పగలుగుచున్నాడు. వేక్‌ఫీల్డు కోర్టులో హంటరు చేసినది ఇదియే. దేశము వేరు, భాష వేరు, ప్రశ్న ఒక్కటే. పంచాయతీ యైనను, సహకార సంఘమైనను, దేవాలయమైనను, ఈ గ్రంథాలయమైనను ఆ ప్రశ్నకు బద్ధమైనవే. అడుగువాడు శత్రువు కాడు. అడుగువాడు లేని సంస్థకే ఆపద.

ఈ గ్రంథాలయము ఇట్లు అడుగువారిని ఇంకను తయారుచేయుగాక. ఇచ్చటి పుస్తకములు చదివిన యువకులలో ఒక్కడైనను న్యాయశాస్త్రము నేర్చి, మన మండల కేంద్రమున ఒక చిన్న గది తీసికొని, ఫీజు ఇచ్చుకొనలేనివాని కాగితములు ఓపికతో చదువుగాక. అట్టివాడు ఒకడు బయలుదేరినచో ఈ ఇరువదియైదు వత్సరముల చందా సార్థకమైనట్లే.